వావ్ర వంతెనల దగ్గర ఒక్క కోర్: వాటర్లూ రోజున తీల్మాన్ అసలు ఆపింది ఏమిటి?

1815 జూన్ 18 అంటే అందరికీ నెపోలియన్ చివరిసారి ఓడిన వాటర్లూ గుర్తొస్తుంది. అదే రోజు సాయంత్రం, ఆ యుద్ధభూమికి తూర్పున సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, నేటి బెల్జియంలో ఉన్న వావ్ర అనే చిన్న ఊళ్లో ఇంకో యుద్ధం జరిగింది. ఒకవైపు జర్మన్ రాజ్యమైన ప్రష్యా సైన్యంలో తీల్మాన్ నడిపిస్తున్న మూడో కోర్ (కోర్ అంటే సొంతంగా పోరాడగల పెద్ద సైనిక విభాగం), సుమారు 17 వేల మంది, 48 ఫిరంగులు. ఎదురుగా ఫ్రెంచ్ మార్షల్ గ్రూషీ నడిపిస్తున్న 33 వేల మంది, సుమారు 80 ఫిరంగులు. మనుషుల్లో దాదాపు రెట్టింపు. మర్నాడు మధ్యాహ్నానికి ఊరు ఫ్రెంచ్ వాళ్ల చేతుల్లో ఉంది, ప్రష్యన్లు వెనక్కి పోయారు. యుద్ధభూమి ఎవరికి దక్కిందో చూసి తీర్పు చెబితే గ్రూషీ గెలిచాడు. కానీ అప్పటికే నెపోలియన్ సామ్రాజ్యం కూలిపోయి ఉంది.

వావ్ర గురించి రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. గ్రూషీ అసమర్థత వల్లే నెపోలియన్ ఓడాడన్నది ఒకటి. వావ్రలో ప్రష్యన్ల వీరోచిత పోరాటమే గ్రూషీని వాటర్లూకి రాకుండా ఆపిందన్నది రెండోది. రెండిట్లోనూ కొంత నిజం ఉంది, రెండూ పూర్తి నిజం కావు. మూడో కోర్ సాధించింది చాలా పెద్ద విషయమే. అది ఏమిటో తెలియాలంటే గడియారం, పటం రెండూ పక్కన పెట్టుకుని చూడాలి.

రెండు రోజులు వెనక్కి వెళ్దాం. జూన్ 16న లీనీ దగ్గర నెపోలియన్ ప్రష్యా సైన్యాన్ని ఓడించాడు. 72 ఏళ్ల సేనాని బ్లూషర్ గుర్రం కింద పడి నలిగిపోయాడు, శత్రువుకి దొరికిపోవాల్సినవాడు కాస్తలో తప్పించుకున్నాడు. ఆ రాత్రి ప్రధాన కార్యాలయంలో నిర్ణయాలు తీసుకోవాల్సిన బాధ్యత అతని ప్రధాన స్టాఫ్ అధికారి గ్నైజెనౌ మీద పడింది. ఓడిన సైన్యం మామూలుగా తన సరఫరా దారి వెంట వెనక్కి పోతుంది. ప్రష్యన్లకు ఆ దారి తూర్పున, రైన్ నది వైపు ఉంది. గ్నైజెనౌ మాత్రం ఉత్తరానికి, వావ్ర వైపు పంపాడు. దానివల్ల బ్రస్సెల్స్ దారి కాపాడుతున్న బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్‌కు ప్రష్యన్లు అందుబాటులోనే ఉండిపోయారు. (మన చరిత్ర చదివినవారికి ఈ వెల్లింగ్టన్ కొత్త కాదు. 1799లో టిప్పు సుల్తాన్ మీదికి శ్రీరంగపట్నం వెళ్లిన నిజాం సైన్యపు బాధ్యత చూసింది అప్పటి కర్నల్ ఆర్థర్ వెల్లెస్లీయే.)

17వ తేదీన నెపోలియన్ తాపీగా కదిలాడు. ప్రష్యన్లను తరమమని గ్రూషీకి ఆజ్ఞ అందేసరికి పొద్దు బాగా ఎక్కింది. మధ్యాహ్నం నుంచి కుండపోత వర్షం, దారులన్నీ బురదమయం. ఆ రాత్రికి గ్రూషీ జాంబ్లూ అనే ఊరి దాకా మాత్రమే చేరాడు. శత్రువు తూర్పుకి పోయాడా, ఉత్తరానికి పోయాడా అన్నది కూడా అప్పటికి అతనికి తేలలేదు. ఈలోగా ప్రష్యా నాలుగు కోర్లూ వావ్ర చుట్టుపక్కల చేరిపోయాయి. మొత్తం కథలో గ్రూషీ పోగొట్టుకున్నది ఈ సగం రోజే. 18 మధ్యాహ్నం అతను ఏం చేసినా, ఏం చేయకపోయినా, దాని వేళ్లన్నీ ఇక్కడ ఉన్నాయి.

18 తెల్లవారుజామున వావ్ర నుంచి బ్యూలో నాలుగో కోర్ పడమటికి కదిలింది. ఇరుకు వీధుల్లో ఒక ఇంటికి నిప్పంటుకోవడంతో నడక ఆలస్యమైంది. దాని తర్వాత పిర్ష్ రెండో కోర్, జీటెన్ మొదటి కోర్. ఇవన్నీ వెల్లింగ్టన్ సాయానికి వెళ్లాలి. అందరూ వెళ్లేదాకా వెనక ఎవరైనా కాపలా ఉండాలి కదా. ఆ పని మూడో కోర్‌కి, దాని నాయకుడు యోహాన్ ఫాన్ తీల్మాన్‌కి అప్పగించారు. శత్రువు రాకపోతే చివర్లో వాళ్లూ బయల్దేరాలి. వస్తే ఆగి ఎదుర్కోవాలి.

ఈ తీల్మాన్ సామాన్యుడు కాడు. సాక్సనీకి చెందినవాడు. మూడేళ్ల కిందట, 1812లో, బొరోదినో దగ్గర నెపోలియన్ పక్షాన సాక్సన్ గుర్రపు దళాన్ని నడిపించి రష్యన్ల ప్రధాన కోటదిబ్బ మీద దాడి చేశాడు. 1813లో పక్షం మారాడు. ఫ్రెంచ్ వాళ్లు ఎలా దాడి చేస్తారో లోపలి నుంచి చూసిన మనిషి. అతని కోర్‌లో ప్రధాన స్టాఫ్ అధికారి కార్ల్ ఫాన్ క్లౌజెవిట్స్. యుద్ధశాస్త్రంలో నేటికీ అందరూ చదివే పేరు అది. రక్షణే యుద్ధంలో బలమైన రూపం అని ఆయన తర్వాత సిద్ధాంతం చేశాడు. ఒక్క వావ్ర అనుభవంతో ఆ ఆలోచన పుట్టిందని చెప్పడం అతి అవుతుంది. కానీ ఆ వాక్యం రాసినవాడు తన సైన్యానికి రెట్టింపు సైన్యాన్ని ఒక నది అడ్డుపెట్టుకుని ఎదుర్కొన్న కోర్‌లో పనిచేశాడన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఆ నది పేరు దీల్. చిన్న నదే. మామూలు రోజుల్లో అయితే సైనికులు దిగి దాటేసేవాళ్లేమో. ముందురోజు వర్షానికి ఉప్పొంగి ఉంది. అందుకే యుద్ధమంతా వంతెనల చుట్టూ తిరిగింది. దిగువన, అంటే ఉత్తరాన, బాస్ వావ్ర దగ్గర ఒకటి. వావ్ర ఊళ్లో రెండు, వాటిలో ముఖ్యమైనది క్రీస్తు వంతెన అనే రాతి వంతెన. కాస్త ఎగువన బియెర్జ్ అనే పల్లెలో పిండిమర దగ్గర ఒకటి. ఇంకా ఎగువన లిమాల్ పల్లెలో ఇంకోటి. ఊరి ప్రధాన భాగం ఎడమ గట్టున, అంటే ప్రష్యన్ల వైపు ఉంది. దాని వెనకే ఎత్తు నేల. ఫిరంగులు అక్కడ పెడితే గట్టుమీద కదిలే ప్రతి మనిషీ కనిపిస్తాడు.

తీల్మాన్ తెలివి ఎక్కడుందంటే, తన సైన్యాన్ని నది వెంబడి పల్చగా పరిచెయ్యలేదు. వంతెనల దగ్గరి ఇళ్లలో తుపాకీ పట్టినవాళ్లను మాత్రమే ఉంచాడు. గోడలకు కన్నాలు పొడిచారు, వంతెనకు అడ్డాలు కట్టారు. మిగతా బెటాలియన్లన్నీ వెనక ఎత్తు మీద, ఎక్కడ అవసరమైతే అక్కడికి దిగేలా ఆగాయి. తక్కువ మందితో ఎక్కువ నిడివి కాపాడాల్సి వచ్చినప్పుడు పనికొచ్చే పద్ధతి ఇదే. ముందు వరసలో ఎంతమంది ఉన్నారన్నదానికంటే చేతిలో ఎంతమంది మిగిలారన్నది ముఖ్యం.

ఇంత జాగ్రత్తలోనూ ఒక పెద్ద పొరపాటు దొర్లింది. కోర్‌లోని నాలుగు బ్రిగేడ్లలో ఒకటైన బోర్కె బ్రిగేడ్ చివరిగా నది దాటాల్సి ఉంది. ఊళ్లో వంతెనకు అప్పటికే అడ్డాలు కట్టేయడంతో బోర్కె బాస్ వావ్ర దగ్గర దాటి, ఆ వంతెనను పాడుచేసి, ఊరి కాపలాకు కర్నల్ జెపెలిన్ దగ్గర కొంతమందిని వదిలాడు. తనకు చెప్పిన చోటికి వచ్చి చూస్తే కోర్ అక్కడ లేదు. అందరూ వాటర్లూ వైపు వెళ్లిపోయారనుకుని తనూ అటే నడిచాడు. యుద్ధం మొదలవబోతున్న వేళ నాలుగో వంతు సైన్యం చేజారిందని తీల్మాన్‌కు చాలాసేపటి దాకా తెలియదు. ముందే తక్కువగా ఉన్న సైన్యం మరింత తగ్గింది.

ఇప్పుడు అటువైపు చూద్దాం. ఆ రోజు మధ్యాహ్నం కావస్తుండగా గ్రూషీ వాలెన్ అనే పల్లెలో ఉన్నాడు. పడమటి నుంచి ఫిరంగుల మోత వినిపించింది. ఫ్రెంచ్ నాలుగో కోర్ నాయకుడు జెరార్, ఆ మోత వినిపించే వైపు నడుద్దామని పట్టుబట్టాడు. గ్రూషీ ఒప్పుకోలేదు. ప్రష్యన్లను వెంటాడమనే తనకు ఆజ్ఞ, వాళ్లు వావ్రలో ఉన్నారు, కాబట్టి వావ్రకే. ఆ వాదనలో జెరార్‌దే సరైన మాట అని చాలాకాలంగా రాస్తున్నారు. పటం చూస్తే ఆ మాటకు ఒక బలమైన కారణం కనిపిస్తుంది. లిమాల్‌కి ఇంకా ఎగువన మూస్తియే, ఒతీన్యీ దగ్గర కూడా దీల్ మీద వంతెనలున్నాయి. వాటిని కాపాడే ప్రష్యన్ సైన్యం దాదాపు లేదు. తీల్మాన్ వరస వావ్ర నుంచి లిమాల్ దాకా మాత్రమే. గ్రూషీ ఆ ఎగువ వంతెనల మీదుగా దాటి ఉంటే వాటర్లూకి సమయానికి చేరేవాడో లేదో చెప్పలేం. వాలెన్ నుంచి అక్కడికి 20 కిలోమీటర్లకు పైనే, అదీ బురద దారుల్లో. కానీ వాటర్లూ వైపు నడుస్తున్న ప్రష్యన్ వరసల పక్కకు అతను తగిలేవాడు. పిర్ష్ అయినా, జీటెన్ అయినా ఆగి అతని వైపు తిరగాల్సి వచ్చేది.

అంటే ప్రష్యన్ల రక్షణలో నిజమైన కన్నం వావ్రకు దక్షిణాన ఉంది. గ్రూషీ నేరుగా ఉత్తరానికి నడిచి, తీల్మాన్ ఎక్కడ బలంగా ఉన్నాడో అక్కడికే వచ్చి తలపడ్డాడు. ఈ ఒక్క విషయంలో మూడో కోర్‌కి అదృష్టం కూడా తోడైందని ఒప్పుకోవాలి.

సాయంత్రం 4 గంటల ప్రాంతంలో గ్రూషీ కింద ఉన్న వాందామ్ నడిపే ఫ్రెంచ్ మూడో కోర్ వావ్ర ముందుకి వచ్చింది. మిగతా సైన్యం వచ్చేదాకా ఆగకుండా, గ్రూషీ ఏర్పాట్లు పూర్తికాకుండానే, వాందామ్ ఒక డివిజన్‌ను ఊరిమీదికి తోలాడు. కుడి గట్టున ఉన్న ఇళ్లు తేలిగ్గానే దొరికాయి. ఆ ఊపుతో క్రీస్తు వంతెన మీదికి పరుగెత్తారు. అక్కడ మొదలైంది అసలు పరీక్ష. ఎదుటి ఇళ్ల కన్నాల నుంచి తుపాకులు, వెనక ఎత్తు మీద నుంచి ఫిరంగులు. ఇరుకు సందులో పది ఎడ్లబండ్లు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కున్నట్టు, వెనక ఎంతమంది ఉన్నా వంతెన మీద ముందున్న నలుగురే యుద్ధం చేయగలరు. ఆ నలుగురూ పడిపోతే వెనకవాళ్లకు వాళ్ల శవాలే అడ్డం. కొన్నిసార్లు ఫ్రెంచ్ సైనికులు దాటి అవతలి వీధుల్లోకీ చొరబడ్డారు. ప్రతిసారీ వెనక ఆగి ఉన్న ప్రష్యన్ బెటాలియన్లు పక్కసందుల్లోంచి వచ్చి తరిమికొట్టాయి. వెనక్కి పోదామంటే నది ఒడ్డు ఫిరంగులకు ఎదురుగా ఉంది, అందుకని ఫ్రెంచ్ వాళ్లు కూడా ఇళ్లలో దాక్కోవాల్సి వచ్చింది. రాత్రి 11 గంటల దాకా ఇదే తంతు.

వాందామ్ తొందరపాటు వల్ల గ్రూషీకి ఇంకో నష్టం జరిగింది. ఒక కోర్ మొత్తం వంతెన దగ్గర ఇరుక్కుంది. దాన్ని అక్కడి నుంచి వెనక్కి లాగి మరోచోట వాడుకునే వీలు లేకపోయింది. రెట్టింపు సైన్యం ఉన్నవాడికి ఉండే అసలు లాభం, ఒకచోట పట్టి ఉంచి మరోచోట దాటడం. ఆ లాభాన్ని మొదటి గంటలోనే సగం పోగొట్టుకున్నాడు.

బియెర్జ్ పిండిమర దగ్గరా అంతే. నదికి ఫ్రెంచ్ వాళ్ల వైపు ఉన్న తడి పచ్చికలో లోతైన నీటి కాలువలు తవ్వి ఉన్నాయి. వాటిని దాటుకుంటూ, ఎదురు కాల్పుల్లో, మర దాకా చేరాలి. జెరార్ స్వయంగా ముందు నిలబడి దాడి నడిపించాడు. ఛాతీలో గుండు తగిలి పడిపోయాడు. మధ్యాహ్నం ఫిరంగుల మోత వైపు నడుద్దామని అరిచిన సేనానికి ఆ మోత వైపు వెళ్లని దారిలోనే ప్రాణాపాయం వచ్చింది.

ఇక ఆజ్ఞల సంగతి. నెపోలియన్ తరఫున అతని ప్రధాన స్టాఫ్ అధికారి మార్షల్ సూల్త్ ఉదయం 10 గంటలకు రాయించిన లేఖ గ్రూషీ చేతికి అందింది సాయంత్రం 4 గంటల ప్రాంతంలో. అందులో వావ్ర వైపే వెళ్లమని ఉంది. మధ్యాహ్నం 1 గంటకు రాసిన ఇంకో లేఖలో, ప్రష్యన్లు కనిపిస్తున్నారు, మా వైపు రా అని ఉంది. అది అందేసరికి సాయంత్రం 5 దాటి చాలాసేపైంది. ఈ రెండు లేఖల మధ్యలో వాందామ్ వంతెన దగ్గర కూరుకుపోయాడు. వాటర్లూ ఓటమికి గ్రూషీ ఒక్కడినే బోనులో నిలబెట్టడం ఈ కారణంగా న్యాయం కాదు. ఉదయం పదింటికి వావ్రకు వెళ్లమన్న మనిషి, సాయంత్రం వావ్రలో ఉన్నందుకు అతన్ని తప్పుపట్టలేడు.

రెండో లేఖ చూశాక గ్రూషీ సరైన పనే చేశాడు. ఎగువన లిమాల్ వైపు కదిలాడు. పజోల్ గుర్రపు దళం, తెస్త్ డివిజన్ అక్కడికి చేరాయి. లిమాల్‌లో కాపలా ఉన్నది జీటెన్ కోర్ వదిలివెళ్లిన ష్టెంగెల్ చిన్న దళం, మూడు బెటాలియన్లు. వంతెనకు సరైన అడ్డాలు కూడా లేవు. గుర్రాలు వంతెన మీదుగా దూసుకెళ్లాయి. పొద్దుగుంకే వేళకి లిమాల్ పోయింది. తీల్మాన్ ఏర్పాట్లలో కనిపించే పెద్ద లోపం ఇదే. వావ్ర, బియెర్జ్ దగ్గర చూపించిన శ్రద్ధలో పావు వంతు లిమాల్ మీద పెట్టి వంతెన విరగ్గొట్టి ఉంటే, మర్నాటి పరిస్థితి వేరుగా ఉండేది.

కబురు తెలిసి తీల్మాన్ ష్ట్యుల్ప్‌నాగెల్ బ్రిగేడ్‌ను పంపి ఎదురుదాడి చేయించాడు. అప్పటికి చీకటి పడింది. ఎదుటి మనిషి ఎవరో కనిపించదు. ముందు వరస బెటాలియన్లు ఒక లోతు దారిలోకి దిగి ఎక్కబోతుండగా, అవతలి అంచు మీద ఉన్న ఫ్రెంచ్ వాళ్లు ఒక్కసారిగా తుపాకులు పేల్చారు. వరసలు చెదిరిపోయాయి. దాడి విఫలమైంది. రాత్రికి రాత్రి గ్రూషీ జెరార్ కోర్‌లోని మరో రెండు డివిజన్లను లిమాల్ దగ్గర దాటించాడు.

ఆ సాయంత్రమే తీల్మాన్ సాయం కావాలని కబురు పంపాడు. బ్లూషర్ అప్పుడు వాటర్లూ దగ్గర ప్లాన్‌స్న్వా పల్లె కోసం పోరాడుతున్నాడు. వచ్చిన జవాబు కఠినంగా ఉంది. సాయం రాదు, ఉన్నవాళ్లతో పోరాడాలి. తీల్మాన్ నలిగిపోయినా పర్లేదు, ఇక్కడ గెలిస్తే చాలు అన్నది దాని సారాంశం. ఈ వ్యాసం రాస్తున్న కారణమే ఈ జవాబు. వెనక 17 వేల మంది మునిగిపోయే ప్రమాదం కనిపిస్తుంటే ఒక్క బ్రిగేడైనా వెనక్కి పంపకుండా ఉండటం ఏ సేనానికైనా విపరీతమైన టెన్షన్. రెండు రోజుల కిందటే ఓడిన సైన్యానికి అది ఇంకా కష్టం. అలా నిబ్బరంగా ఉండగలగడానికి వీలిచ్చింది వావ్ర వంతెన దగ్గరి మనుషులే. సాయంత్రం 6 గంటలకు తీల్మాన్ వరస కూలిపోయి ఉంటే, ఆ జవాబు అంత ధైర్యంగా వచ్చేది కాదు. జీటెన్ కోర్‌లోని వాళ్లు 7 గంటల ప్రాంతంలో వెల్లింగ్టన్ ఎడమ పక్కకు చేరి ఉండేవాళ్లో లేదో చెప్పలేం.

కాబట్టి మూడో కోర్ ఆపినది గ్రూషీ వాటర్లూ రాకను అని చెప్పడం సరికాదు. ఆ అవకాశం మధ్యాహ్నం వాలెన్‌లోనే, ఇంకా చెప్పాలంటే 17వ తేదీనే పోయింది. మూడో కోర్ ఆపినది బ్లూషర్ వెనక్కి తిరగడాన్ని. 33 వేల మంది ఫ్రెంచ్ సైనికులు వావ్ర దగ్గర ఉన్నా, వాటర్లూ మీద ఉన్న 50 వేల మంది ప్రష్యన్లలో ఒక్కడిని కూడా వాళ్లు తమవైపు లాగలేకపోయారు. యుద్ధంలో వెనక కాపలా దళానికి ఇంతకంటే గొప్ప ఫలితం ఉండదు. తీల్మాన్ చెల్లించిన మూల్యం సుమారు 2,500 మంది చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు. ఫ్రెంచ్ నష్టం కూడా దాదాపు అంతే.

19వ తేదీ పొద్దున్నే తీల్మానే ముందు దాడి చేశాడు. లిమాల్ దగ్గర నది దాటిన ఫ్రెంచ్ వాళ్లను మళ్లీ నదిలోకి నెట్టాలని ఆశ. ఇక్కడ నది రక్షణ లేదు, ఎదురెదురు పోరాటం. సంఖ్య తేడా తేలిపోయింది. రిక్సాన్సార్ అడవి చేతులు మారింది. తెస్త్ డివిజన్ బియెర్జ్ పట్టుకుంది. ఆ దాడిలో ఫ్రెంచ్ జనరల్ పెన్ చనిపోయాడు. ఉదయం 8, 9 గంటల మధ్య వాటర్లూ విజయం కబురు తీల్మాన్‌కు అందింది. సైనికులు ఉత్సాహంతో మళ్లీ అడవిలోకి దూసుకెళ్లారు, మళ్లీ వెనక్కి వచ్చారు. 10 గంటల ప్రాంతంలో తీల్మాన్ లూవెన్ దారిలో వెనక్కి తగ్గమని ఆజ్ఞ ఇచ్చాడు.

ఆ క్షణానికి గ్రూషీకి వాటర్లూ సంగతి ఇంకా తెలియదు. పదిన్నరకు తెలిసింది. అప్పుడు అతను చేసింది ఈ మొత్తం యాత్రలో అతను చేసిన మంచి పని. కంగారుపడకుండా దిశ మార్చి, జాంబ్లూ మీదుగా నామూర్ వైపు సైన్యాన్ని నడిపించాడు. ఆ సమయంలో ఒక్క పట్టున వెనకే అంటిపెట్టుకుని ఉండాల్సిన కోర్ మూడో కోర్. అది మాత్రం అప్పటికి చాలా దూరం వెనక్కి వెళ్లిపోయింది. ఫ్రెంచ్ వాళ్లు తిరుగుముఖం పట్టారని తీల్మాన్‌కు చాలా ఆలస్యంగా తెలిసింది. పోరాడి అలసిన సైన్యాన్ని విశ్రాంతికి లాగడం మనిషిగా అర్థం చేసుకోగలిగేదే. కానీ ముందురోజంతా శత్రువుని వదలకుండా పట్టుకుని ఉండటమే తన పని అని తెలిసినవాడు, గెలుపు కబురు విన్నాక ఆ పట్టు పూర్తిగా వదిలేయడం తప్పే. 18న లిమాల్ వంతెన, 19న ఈ వెనకడుగు, ఈ రెండూ తీల్మాన్ లెక్కలో ఖర్చు కిందే రాయాలి.

ఆ ఖర్చు 20వ తేదీన నామూర్‌లో పడింది. గ్రూషీని అడ్డుకోవడానికి పంపిన పిర్ష్ కోర్ ఆలస్యంగా, అలసిపోయి అక్కడికి చేరింది. ఊరి గోడల వెనక తెస్త్ డివిజన్ ఒక్కటే నిలబడి, తనకంటే చాలా ఎక్కువ మంది ఉన్న ప్రష్యన్లను సాయంత్రం దాకా ఆపింది. వావ్రలో తమ మీద వాడిన పద్ధతినే ఫ్రెంచ్ వాళ్లు ఇక్కడ వాడారు. చీకటి పడే వేళకి తెస్త్ ఊరు వదిలేశాడు. గ్రూషీ సైన్యం తన ఫిరంగులతో, గాయపడ్డవాళ్లతో సహా మ్యూజ్ నది వెంబడి దీనాన్ మీదుగా ఫ్రాన్స్‌లోని జీవే చేరుకుంది.